క్రీడాచార్యుడు జాన్ మెక్లెండన్

ఆటస్థలమున ఎక్కువ తక్కువలు లేవని పెద్దలు చెప్పుదురు. బంతి ఎవరి చేతినుండి వచ్చినదని బుట్ట అడుగదు. కాని ఆ ఆటస్థలమున అడుగు పెట్టుటకే కొందఱికి అనుమతి లేని దినములు లోకమున ఉండెడివి. అట్టి దినములలో అమెరికా దేశమున ఒక నల్లజాతి యువకుడు, ఏ విశ్వవిద్యాలయపు జట్టులో తనకు చోటు లేదో ఆ విశ్వవిద్యాలయముననే బాస్కెట్‌బాల్ విద్యను నేర్చెను. నేర్చినదానిని తనవంటి యువకులకు పంచిపెట్టి, వారిని దేశములోని ఉత్తమ క్రీడాకారులకు దీటుగా నిలిపెను. అతడే జాన్ మెక్లెండన్.

మెక్లెండన్ 1915వ సంవత్సరము ఏప్రిల్ 5వ తేదీన కాన్సస్ రాష్ట్రమందలి హయవాథా అను చిన్న పట్టణమున జన్మించెను. పసితనముననే అతడు తల్లిని కోల్పోయెను. కొంతకాలము బంధువుల ఇంట పెరిగి, పిదప తండ్రి యొద్దకు చేరి, కాన్సస్ సిటీలో నల్లజాతి పిల్లలకు ప్రత్యేకముగా నడుపబడుచుండిన సమ్నర్ ఉన్నత పాఠశాలలో చదివెను. బాస్కెట్‌బాల్ ఆట అతని మనస్సును చిన్ననాటనే ఆకర్షించెను. పేరుగన్న ఆటగాడు కావలెనను కోరికకంటె, ఆటను బోధించు గురువు కావలెనను కోరికయే అతనిలో బలముగా నుండెను.

ఆ ఆటను కల్పించినవాడు జేమ్స్ నైస్మిత్. చలికాలమున విద్యార్థులు గదిలోపల ఆడుకొనదగిన ఆట యొకటి కావలసివచ్చినపుడు, 1891వ సంవత్సరము డిసెంబరు నెలలో స్ప్రింగ్‌ఫీల్డు పట్టణమున రెండు పండ్లబుట్టలను ఎత్తుగా కట్టించి ఆయన దీనిని ప్రారంభించెను. 1898 నుండి ఆయన కాన్సస్ విశ్వవిద్యాలయమున పనిచేయుచుండెను. 1933లో మెక్లెండన్ ఆ విశ్వవిద్యాలయమున చేరునపుడు, నేరుగా నైస్మిత్ యొద్దకు పోయి ఆయననే తన గురువుగా ఎన్నుకొనుమని తండ్రి అతనికి బోధించెను. కుమారుడు అట్లే చేసెను. వృద్ధుడైన నైస్మిత్ తన గదిలోనికి వచ్చిన యువకుని రంగును గాక ఆసక్తిని చూచి, సంతోషముతో శిష్యునిగా స్వీకరించెను.

విశ్వవిద్యాలయపు జట్టులో నల్లజాతివారు ఆడరాదను కట్టుబాటు అప్పుడు అమలులో నుండెను. అందుచే మెక్లెండన్ గురువు చెంత కూర్చుండి ఆటలోని మెలకువలను నేర్చెనే గాని, ఆ విద్యాలయము పక్షమున ఒక్కసారియైనను బరిలో దిగలేదు. వ్యాయామశాస్త్ర విద్యార్థులందఱును ఈత నేర్వవలెనను నియమము మాత్రము ఉండెను. అయినను ఈతకొలనులోనికి నల్లవారిని రానిచ్చెడివారు కారు. వారికి ఈదకయే మంచి మార్కులు వేసి పంపివేసెడివారు. కష్టపడక వచ్చిన ఆ మార్కులు మెక్లెండన్‌కు రుచింపలేదు. అతడు కొలనులో దిగి ఈదెను. అధికారులు వెంటనే కొలనులోని నీటినంతయు తోడివేయించిరి.

అతడు కోపముతో కేకలు వేయలేదు, వెనుదిరుగనూ లేదు. నైస్మిత్ అండ అతనికి ఉండనే యుండెను. నల్లవారిని అనుమతించినచో కలహములు చెలరేగునని అధికారులు చెప్పగా, రెండు వారములు కొలనును అందఱికిని తెఱచి చూడవలసినదనియు, ఏ గొడవయు జరుగకున్నచో శాశ్వతముగా తెఱచియుంచవలసినదనియు అతడు కోరెను. పిమ్మట తోడి నల్లజాతి విద్యార్థులను కలిసికొని, ఆ రెండు వారములు ఎవరును కొలను దరికి పోవలదని నచ్చజెప్పెను. గడువు ముగిసెను. చిన్న గొడవయైనను జరుగలేదు. కొలను అందఱికిని తెఱువబడెను. ఓర్పును, ముందుచూపును కలిసినచో మూసిన తలుపు తెఱచుకొనునని అతడు ఆ వయస్సుననే గ్రహించెను.

1936లో అతడు పట్టము పుచ్చుకొనెను. ఆ విశ్వవిద్యాలయమున వ్యాయామశాస్త్రమునందు పట్టభద్రుడైన మొదటి నల్లజాతి విద్యార్థి అతడే. మఱుసటి సంవత్సరము అయోవా విశ్వవిద్యాలయమున పై పట్టమును సంపాదించి, 1937లో నార్త్ కరొలైనా రాష్ట్రమందలి డర్హమ్ నగరమునకు ఉద్యోగమునకై వెళ్లెను.

డర్హమ్ పొగాకు పరిశ్రమకు పేరుగన్న నగరము. అక్కడ రెండు విద్యాసంస్థలు ఉండెను. ఒకటి ధనవంతమైన డ్యూక్ విశ్వవిద్యాలయము. అందు నల్లజాతి విద్యార్థులకు 1961 వఱకు ప్రవేశము లేకుండెను. రెండవది జేమ్స్ షెపర్డ్ అను విద్యావేత్త 1910లో నెలకొల్పిన, నల్లజాతివారి నార్త్ కరొలైనా కళాశాల. ఒకే నగరమున ఉన్నను ఈ రెండు సంస్థల విద్యార్థులు కలిసి చదువుటయు లేదు, కలిసి ఆడుటయు లేదు. రాష్ట్రమంతటను తెల్లవారికి వేఱు పాఠశాల, నల్లవారికి వేఱు పాఠశాల. బస్సులలో సైతము నల్లవారు వెనుక భాగముననే కూర్చుండవలెను. చట్టమే ఈ భేదమును పాటించుమని శాసించుచుండెను. మెక్లెండన్ చేరినది ఈ నల్లజాతి కళాశాలలో. కొంతకాలము సహాయకుడుగా నుండి, 1940లో అతడు బాస్కెట్‌బాల్ జట్టునకు ప్రధాన శిక్షకుడయ్యెను. అప్పటికి అతని వయస్సు ఇరువదియైదు సంవత్సరములు.

ఆ కాలమున బాస్కెట్‌బాల్ నెమ్మదియైన ఆట. ఆటగాండ్రు బంతిని ఒకరికొకరు అందించుకొనుచు, అనువైన అదను కొఱకు చాలసేపు వేచియుండెడివారు. మెక్లెండన్ ఈ పద్ధతిని మార్చివైచెను. ఆట బుట్టల దగ్గఱ మాత్రమే గాక బరి యంతటను సాగవలెనని నైస్మిత్ వలన అతడు గ్రహించియుండెను. బంతి చేత చిక్కిన క్షణముననే, ఎదుటివారు తమ స్థానములకు చేరకముందే, ఐదుగురును మెఱుపువలె ఎదుటి బుట్టవైపు పరుగిడవలెను. బంతి ఎదుటివారిదైనచో బరి ఆ చివరనుండియే వారిని వెన్నాడవలెను. ఊపిరి తీసికొనుటకు తీఱిక ఈయరాదు.

ఇట్లు ఆడుటకు కాళ్లలో సత్తువ కావలెను. అందుచే ఆటల కాలము రాకముందే అతడు శిష్యులచేత మైళ్లకొలది పరుగులు తీయించెడివాడు. ఆట చివరి నిమిషములలో ఎదుటివారు అలసి నిలిచిపోవునపుడు, అతని శిష్యులు మొదటి నిమిషమునందువలెనే పరుగెత్తుచుండెడివారు. శిక్షణ ఇంత కఠినమైనను అతని మాట మృదువు.

దూరపు ఊళ్లకు ఆటలకై వెళ్లునపుడు దారిలోని భోజనశాలలును, వసతిగృహములును నల్లవారిని రానిచ్చెడివి కావు. ఇట్టి స్థితిలో ఆటగాండ్రు అవమానమునకు గాని అపాయమునకు గాని గుఱికాకుండ వారిని తీసికొనిపోయి తిరిగి తీసికొనివచ్చుటయు శిక్షకుని బాధ్యతయే. ఇన్ని కష్టముల నడుమ, 1940 నుండి 1952 వఱకు గల కాలమున, అతని జట్టు నల్లజాతి కళాశాలల సంఘపు పోటీలలో ఎనిమిది పర్యాయములు అగ్రస్థానమును పొందెను. అయినను దేశములోని ప్రధాన కళాశాలల పోటీలలో ఆ కళాశాలలకు ప్రవేశము లేదు. తాము నిజముగా ఎంతవారో తెలిసికొను అవకాశమే ఆ యువకులకు లేకుండెను.

1944లో అట్టి అవకాశ మొకటి అనుకోని విధముగా వచ్చెను. అది రెండవ ప్రపంచ యుద్ధకాలము. డ్యూక్ విశ్వవిద్యాలయపు వైద్యకళాశాలలో, వేఱువేఱు కళాశాలలలో ఆడి పేరుపొందిన క్రీడాకారులు కొందఱు యుద్ధసేవకై వైద్యము చదువుచుండిరి. వారి జట్టు డ్యూక్ విశ్వవిద్యాలయపు జట్టునే ఓడించినంతటిది. మెక్లెండన్ జట్టో, ఆ సంవత్సరము ఒక్క ఆట మాత్రమే ఓడెను. ఇరు సంస్థల విద్యార్థులు కొందఱు ఒక క్రైస్తవ యువజన సమావేశమున కలిసికొన్నపుడు, నగరమున ఉత్తమమైన జట్టు ఏదను వాదము పుట్టెను. ఆడి తేల్చుకొనుటయే దానికి దారి యయ్యెను.

కాని తెల్లవారును నల్లవారును కలిసి ఆడుట ఆనాడు సామాన్యవిషయము కాదు. సంగతి పొక్కినచో మెక్లెండన్ ఉద్యోగము పోవచ్చును. కళాశాలకు ప్రభుత్వసహాయము ఆగవచ్చును. ఆటగాండ్ర ప్రాణములకే ముప్పు రావచ్చును. ఇది వట్టి భయము కాదు. అదే సంవత్సరము జులై నెలలో, అదే నగరమున, బస్సులో వెనుకకు పోయి కూర్చుండుమన్నపుడు వెంటనే కదలలేదని ఒక నల్లజాతి సైనికుని బస్సు డ్రైవరు తుపాకితో కాల్చి చంపెను. న్యాయస్థానము ఆ డ్రైవరును నిర్దోషిగా విడిచిపుచ్చెను. ఇట్టి నగరమున మెక్లెండన్ ఆ ఆటకు అంగీకరించెను.

మార్చి 12వ తేదీ, ఆదివారము. నగరవాసులలో అనేకులు చర్చిలలో ప్రార్థనలు చేయు ఉదయపు వేళను అతడు ఎన్నుకొనెను. వైద్యవిద్యార్థులు కార్లలో ఎక్కి, తిన్నని దారి విడిచి, చుట్టుదారులలో కళాశాలకు చేరి, కోటులను తలలమీదుగా కప్పుకొని వ్యాయామశాలలో ప్రవేశించిరి. మెక్లెండన్ తలుపులకు తాళము వేయించెను. ప్రేక్షకులకు ప్రవేశము లేదు. సంగతి పసిగట్టిన విద్యార్థులు కొందఱు మాత్రము కిటికీలకు ఎగబ్రాకి లోనికి తొంగిచూచిరి.

మెక్లెండన్ శిష్యులు మొదట తడబడిరి. తెల్లవారితో వారు అంతకుముందు ఎన్నడును ఆడియుండలేదు. తెల్లవాడు పుట్టుకతోనే అధికుడను మాట పసితనమునుండి వారి చెవులబడుచు వచ్చినది. చేతిలోని బంతి జాఱెను. వేసిన బంతి బుట్టలో పడలేదు. కొంతసేపటికి, ఎదుట నున్నవారును తమవంటి మనుష్యులే యని, తమవలెనే అలసిపోవువారే యని వారికి తోచెను. అంతట వారి కాళ్లకు నేర్చిన విద్య జ్ఞప్తికి వచ్చెను. పరుగు మొదలయ్యెను. అట్టి వేగమును వైద్యవిద్యార్థులు ఎన్నడును చూచి యెఱుగరు. ఆట ముగియునప్పటికి మెక్లెండన్ జట్టునకు 88 పాయింట్లు, ఎదుటివారికి 44 పాయింట్లు వచ్చినవి.

అటుపిమ్మట జరిగినది ఆ విజయముకంటెను గొప్పది. కొంత విశ్రాంతి తీసికొని, రెండు జట్లవారును కలిసిపోయి, తెల్లవారును నల్లవారును ఇరుప్రక్కలను ఉండునట్లు క్రొత్తగా జట్లు కట్టి మఱొక ఆట ఆడిరి. ఆట చాలించిన పిదప విద్యార్థుల వసతిగృహమున కూర్చుండి ముచ్చటించుకొనిరి. తరువాత వచ్చినవారు వచ్చినట్లే చుట్టుదారులలో మరలిపోయిరి.

ఈ వార్త ఏ పత్రికలోను రాలేదు. నగరమందలి నల్లజాతివారి పత్రికలో పనిచేయు విలేకరి కొకనికి సంగతి తెలిసెను గాని, ఆటగాండ్ర క్షేమము కోరి అతడు ఒక్క అక్షరమైనను వ్రాయలేదు. ఆ ఆట వివరములు లోకమునకు తెలిసినది 1996లో, ఒక చరిత్రకారుని వ్యాసము వలన. ఏబదిరెండు సంవత్సరములు ఆ విజయము రహస్యముగనే యుండెను. కాని ఆ ఆదివారము బరిలో దిగిన యువకులకు అది రహస్యము కాదు. తాము ఎవరికిని తీసిపోమని వారు తెలిసికొనిరి.

మెక్లెండన్ 1952లో ఆ కళాశాలను విడిచెను. పిమ్మట నల్లజాతి కళాశాలల జట్లకు జాతీయ పోటీలలో ప్రవేశము కల్పించుటకై తోడి శిక్షకులతో కలిసి పాటుపడెను. ఆ తలుపులు తెఱచుకొనగా, టెనెస్సీ రాష్ట్రమందలి నల్లజాతి కళాశాలకు శిక్షకుడుగా 1957, 1958, 1959 సంవత్సరములలో వరుసగా మూడుసార్లు ఒక జాతీయ టోర్నమెంటును గెలిపించెను. అట్లు వరుసగా మూడు జాతీయ విజయములు సాధించిన కళాశాల శిక్షకుడు అంతకుముందు లేడు. 1966లో క్లీవ్‌లాండ్ స్టేట్ విశ్వవిద్యాలయమున చేరి, తెల్లజాతివారు అధికముగా గల విశ్వవిద్యాలయమునకు ప్రధాన శిక్షకుడైన మొదటి నల్లజాతీయుడయ్యెను. 1999వ సంవత్సరము అక్టోబరు 8వ తేదీన అతడు మరణించెను.

బాస్కెట్‌బాల్ పుట్టిన స్ప్రింగ్‌ఫీల్డు పట్టణమున ఆ ఆటలో ప్రఖ్యాతులైనవారి స్మారకమందిర మున్నది. 1979లో ఆటకు సేవచేసినవాడుగా మెక్లెండన్ పేరును అందు చేర్చిరి. శిక్షకుడుగా అతనికి అందు స్థానము లభించినది 2016లో, మరణించిన పదునేడు సంవత్సరములకు. అతడు పండ్రెండేండ్లు ప్రధాన శిక్షకుడుగా నుండిన డర్హమ్ కళాశాల నేడు విశ్వవిద్యాలయమైనది. అచ్చటి వ్యాయామశాల అతని పేరును ధరించియున్నది.

తన కాలమున గౌరవము లభింపలేదని మెక్లెండన్ పనిని మానలేదు; చూచువారు లేరని శ్రద్ధను తగ్గింపలేదు. తాళము వేసిన గదిలో, ప్రేక్షకులు లేని ఆటలో సైతము అతని శిష్యులు తమ శక్తి యంతయు ఒడ్డి ఆడిరి. ఎవరును చూడనపుడు మనము చేయు పనియే మన యోగ్యతకు నిజమైన కొలత.