రాం ప్రసాద్ బిస్మిల్

రాం ప్రసాద్ బిస్మిల్ (జూన్ 11, 1897 - డిసెంబర్ 19, 1927) భారత స్వాతంత్ర్య సమరయోధుడు, హిందీ, ఉర్దూ కవి. ఈయన ఉత్తర ప్రదేశ్ లోని షాజహాన్‌పూర్‌లో మురళీధర్, మూల్మతి దంపతులకు జన్మించాడు.

తొలి ఆయుధాలు

విప్లవ మార్గం పట్టిన బిస్మిల్‌కు మొదటి చిక్కు ధనమే. అమెరికా స్వాతంత్ర్య చరిత్రపై పుస్తకం అచ్చువేయించుటకు తల్లి వద్ద రెండు విడతలుగా 200 రూపాయల చొప్పున తీసుకున్నాడు. పుస్తకం అమ్మగా ఆ బాకీ తీరి, మరో 200 రూపాయలు మిగిలాయి. ఆ సొమ్ము ఆయుధాలకు ఉపయోగపడింది. 1878 నాటి ఆయుధాల చట్టం ప్రకారం బ్రిటిష్ ఇండియాలో లైసెన్సు లేనిదే పిస్తోలు ఉంచుకొనరాదు. గ్వాలియర్ సంస్థానంలో ఈ కట్టుబాట్లు సడలుగా ఉండేవి కనుక అక్కడికి వెళ్ళి వెదికాడు. చేతనున్న డబ్బుకు దొరికినవి మందు కూరి, టోపీ పెట్టి పేల్చే పాతకాలపు రకాలు. తూటాల పిస్తోలుతో పోల్చితే వీటిని నింపుటకు చాలా సమయం పడుతుంది. పోలీసులనెదిరించుటకు ఇవి ఏమాత్రం చాలవు.

కాకోరీ

1925 ఆగష్టు 9న కాకోరీ వద్ద రైలు ఆపి ప్రభుత్వ ధనం తీసుకొనినది ముఖ్యంగా ఆయుధాల కొనుగోలు కొరకే. అప్పటికి బిస్మిల్ దళం వద్ద జర్మనీ మౌజర్ పిస్తోళ్ళుండేవి. ఎవరినీ చంపరాదనుకున్నా, పొరపాటున పేలిన గుండుకు ఒక ప్రయాణీకుడు మరణించాడు. గోరఖ్‌పూర్ జైలులో ఆత్మకథ ముగించిన కొద్ది రోజులకే బిస్మిల్‌ను ఉరితీశారు.