విమాన హృదయం

1927 మే 21వ తేదీ రాత్రి. పారిస్ నగర సమీపంలోని లె బూర్జే విమానాశ్రయంలో లక్షమందికి పైగా ప్రజలు ఆకాశంవైపు చూస్తూ నిరీక్షిస్తున్నారు. 10 గంటల 22 నిమిషాలకు ఒక చిన్న విమానం చీకటిని చీల్చుకొని వచ్చి నేలపై వాలింది. న్యూయార్క్ నుండి పారిస్ వరకు ఎక్కడా ఆగకుండా, ముప్పైమూడున్నర గంటలపాటు ఒంటరిగా విమానం నడిపి, అట్లాంటిక్ మహాసముద్రాన్ని దాటి వచ్చిన ఆ వైమానికుని పేరు చార్లెస్ లిండ్‌బర్గ్. అప్పటికి అతని వయస్సు ఇరవై అయిదేళ్ళు.

ఈ విజయగాథ లోకానికి సుపరిచితమే. కాని అందుకు నాలుగేళ్ళ ముందు అదే యువకుడు నేలకు కేవలం నాలుగడుగుల ఎత్తులో తన విమానాన్ని అదుపు చేయలేక పదిమంది ఎదుట తలవంచుకొన్నాడు. సముద్రాన్ని దాటే శక్తికి బీజం పడింది ఆ తలవంపులోనే.

లిండ్‌బర్గ్ 1902 ఫిబ్రవరి 4న అమెరికాలోని డెట్రాయిట్ నగరంలో జన్మించాడు. బాల్యం మిన్నెసోటా రాష్ట్రంలోని లిటిల్ ఫాల్స్ దగ్గర మిసిసిపి నదీతీరాన గడిచింది. తండ్రి న్యాయవాది, పదేళ్ళపాటు అమెరికా పార్లమెంటు సభ్యుడు. తల్లి ఉపాధ్యాయిని. యంత్రాలను విప్పి, వాటి మర్మం తెలుసుకోవడమంటే ఆ బాలునికి మక్కువ. ఇంజనీరింగ్ చదవడానికి విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో చేరాడు గాని తరగతి గదిలో అతని మనస్సు నిలువలేదు. మార్కులు అంతంత మాత్రం. 1922లో చదువు విడిచి, విమానం నడపడం నేర్చుకోవడానికి నెబ్రాస్కా రాష్ట్రంలోని లింకన్ నగరానికి చేరుకున్నాడు.

అక్కడి శిక్షణ సంస్థలో ఉన్నది ఒకే ఒక శిక్షణ విమానం. దాని పేరు లింకన్ స్టాండర్డ్. రెండంతస్తుల రెక్కలు, దాదాపు 150 అశ్వశక్తి గల ఇంజను దాని లక్షణాలు. శిక్షకుడు తోడుండగా లిండ్‌బర్గ్ సుమారు ఎనిమిది గంటలు ఆ విమానాన్ని నడిపాడు. ఇక ఒంటరిగా ఎగరవలసిన ఘట్టం మిగిలింది. శిష్యుడు విమానాన్ని పాడుచేస్తే నష్టం భరించేందుకు ముందుగా పూచీ సొమ్ము చెల్లించాలన్నది నియమం. ఆ సొమ్ము అతని దగ్గర లేదు. ఇంతలో ఆ ఒక్క విమానమూ అమ్ముడైపోయింది. శిక్షణ అర్ధాంతరంగా ఆగిపోయింది.

అతడు నిరాశతో ఇంటికి మరలలేదు. ఊరూరా తిరిగి విమాన విన్యాసాలు ప్రదర్శించే వైమానికులకు సహాయకుడయ్యాడు. ఎగిరే విమానం రెక్కపై నడిచాడు. పారాచూట్‌తో ఆకాశం నుండి దూకాడు. ఆ ప్రదర్శనలను చూసినవారు అతణ్ణి సాటిలేని సాహసిగా భావించారు. అయితే తానింకా ఒంటరిగా విమానం నడపని విద్యార్థినేనన్న సత్యం అతనికి తెలుసు.

1923 వసంతకాలంలో అతడు జార్జియా రాష్ట్రంలోని అమెరికస్ పట్టణ సమీపాన గల సౌథర్ ఫీల్డ్‌కు వెళ్ళాడు. మొదటి ప్రపంచయుద్ధం ముగిసిన తరువాత మిగిలిపోయిన సైనిక విమానాలను అక్కడ చౌకగా అమ్ముతున్నారు. 500 డాలర్లకు అతడొక కర్టిస్ జెన్నీ విమానం కొన్నాడు. విమానం కొనడానికి వచ్చినవానికి దానిని నడపడం రాకుండా ఉండదని అక్కడివారు అనుకున్నారు. ఆ రోజుల్లో అమెరికాలో విమానం నడపడానికి అనుమతి పత్రం ఉండవలసిన పనిలేదు కనుక ఎవరూ ఏమీ అడగలేదు. అతడూ చెప్పలేదు.

నిజానికి అప్పటికి దాదాపు ఆరు నెలలుగా అతడు విమానం నడపలేదు. జెన్నీని అంతకుముందు ఒక్కసారైనా నడిపి ఎరుగడు. ఆకారంలో అది లింకన్ స్టాండర్డ్‌ను పోలినదే. కాని దాని ఇంజను శక్తి 90 అశ్వశక్తి మాత్రమే. లాగే బలం తగ్గితే నేలను విడిచే తీరు మారుతుంది, పైకెక్కే వేగం మారుతుంది. ఎంత కదిపితే రెక్క ఎంత వాలుతుందో, ఏ వేగంలో నేలకు దిగాలో ఒక విమానంపై అలవడిన చేతులు మరొక విమానంపై తడబడతాయి. మొదట నేర్చిన అలవాటు బలమైనదైన కొద్దీ తడబాటు కూడా ఎక్కువవుతుంది.

లిండ్‌బర్గ్ విమానాన్ని మైదానం చివరకు నడిపించి, గాలికి ఎదురుగా నిలిపి, వేగం పెంచాడు. జెన్నీ నాలుగడుగులు పైకి లేచింది. మరుక్షణమే ఒక రెక్క కిందికి ఒరిగింది. అతడు ఇంజను వేగం తగ్గించాడు. విమానం ఒక చక్రం మీద, రెక్క అంచు మీద పడి, కుదిపివేస్తూ ఆగింది. అదృష్టవశాత్తు ఏమీ విరగలేదు. కాని దాచిన రహస్యం అందరికీ తెలిసిపోయింది.

ఆ క్షణంలో అతని ఎదుట రెండు మార్గాలున్నాయి. అభిమానం అడ్డువచ్చి మళ్ళీ ఒంటరిగా ప్రయత్నించడం ఒకటి. అందులో ప్రాణానికే ముప్పు. తనకు రాదని ఒప్పుకోవడం రెండవది. అక్కడ తన విమానం కోసం వేచి ఉన్న ఒక యువ వైమానికుడు అతని కష్టాన్ని గ్రహించి, కొంతసేపు తోడుగా వస్తానన్నాడు. లిండ్‌బర్గ్ ఆ సహాయాన్ని వినయంగా స్వీకరించాడు. ఇద్దరూ కలిసి అనేక పర్యాయాలు ఎగిరి దిగారు. గాలి నెమ్మదించే సాయంకాలం వరకు ఆగి ఒంటరిగా ప్రయత్నించమని ఆ యువకుడు సలహా ఇచ్చాడు. ఆ సాయంకాలమే లిండ్‌బర్గ్ మొదటిసారిగా ఒంటరిగా ఆకాశంలోకి ఎగిరి, క్షేమంగా తిరిగి వచ్చాడు. తరువాత మరొక వారం అక్కడే ఉండి, జెన్నీ తన చేతికి స్వాధీనమయ్యే వరకు సాధన చేశాడు.

నలమహారాజు అశ్వహృదయం తెలిసినవాడని మహాభారతం చెబుతుంది. గుర్రం మనస్సు ఎరిగిన సారథికే గుర్రం వశమవుతుంది. విమానానికి కూడా అటువంటి హృదయం ఒకటి ఉంటుంది. ఒక్కొక్క విమానానిది ఒక్కొక్క హృదయం. దానిని తెలుసుకోవాలంటే ప్రతిసారీ మొదటి పాఠం నుండి ఆరంభించవలసిందే. సౌథర్ ఫీల్డ్‌లో లిండ్‌బర్గ్ నేర్చిన విద్య ఇదే.

1924 మార్చిలో అతడు టెక్సాస్‌లోని సైనిక వైమానిక పాఠశాలలో చేరాడు. అప్పటికే 300 గంటలకు పైగా విమానం నడిపిన అనుభవం ఉన్నా, విద్యార్థుల వరుసలో విద్యార్థిగానే నిలిచాడు. అక్కడి జెన్నీలకు 150 అశ్వశక్తి గల ఇంజన్లు అమర్చి ఉన్నాయి. వాటి తరువాత బరువైన డి.హెచ్.4, చురుకైన ఎస్.ఇ.5 వంటి విమానాలు వచ్చాయి. విమానం మారిన ప్రతిసారీ అభ్యాసం మళ్ళీ మొదలయ్యేది. కళాశాలలో చదువును నిర్లక్ష్యం చేసిన యువకుడు ఇక్కడ రాత్రులు మేల్కొని పుస్తకాలు చదివాడు. 1925 మార్చిలో విన్యాసాలు చేస్తుండగా అతని ఎస్.ఇ.5 మరొక విమానాన్ని ఆకాశంలోనే ఢీకొన్నది. వైమానికులిద్దరూ పారాచూట్ల సాయంతో ప్రాణాలు దక్కించుకొన్నారు. 104 మంది చేరిన ఆ తరగతిలో శిక్షణ పూర్తిచేసినవారు ఇరవైమందికి లోపే. వారిలో ప్రథముడు లిండ్‌బర్గ్.

1926లో అతడు సెయింట్ లూయిస్, చికాగో నగరాల మధ్య విమానంలో తపాలా చేరవేసే ఉద్యోగం చేపట్టాడు. మరుసటి సంవత్సరం అట్లాంటిక్ యాత్రకోసం శాన్ డియాగోలో రెండు నెలల్లో ఒక విమానం తయారయింది. అదే స్పిరిట్ ఆఫ్ సెయింట్ లూయిస్. పెద్ద ఇంధన తొట్టిని ముందుభాగంలో అమర్చినందున వైమానికునికి ఎదుటి దృశ్యం కనిపించదు. పక్క కిటికీల నుండి, ఒక చిన్న పెరిస్కోపు నుండి చూడాలి. తోక చిన్నది కావడంతో అది నిలకడగా ఎగరదు. ఏమరుపాటు పడితే దారి తప్పుతుంది. యాత్రలో నిద్ర ముంచుకొచ్చినప్పుడు ఈ లోపమే అతణ్ణి మేల్కొలిపింది.

యాత్రకు ముందు లిండ్‌బర్గ్ ఆ విమానాన్ని తేలికగా ఉన్నప్పుడు పరీక్షించాడు. తరువాత ఇంధనభారాన్ని అంచెలంచెలుగా పెంచుతూ, పెరిగిన ప్రతి భారంతో దాని ప్రవర్తన ఎలా మారుతున్నదో గమనించాడు. 450 గాలన్ల నిండు భారంతో మాత్రం అది మొదటిసారి నేల విడిచింది యాత్ర నాడే, మే 20 ఉదయాన. బురదనేలపై కష్టంగా కదిలి, మైదానం చివరనున్న తీగలను కొద్దిలో తప్పించుకొని పైకెగసింది.

లిండ్‌బర్గ్ తరువాతి జీవితంలో కీర్తితోపాటు దుఃఖమూ విమర్శా ఉన్నాయి. రెండవ ప్రపంచయుద్ధానికి ముందు అతడు ప్రకటించిన రాజకీయ భావాలను అనేకులు తీవ్రంగా ఖండించారు. 1974 ఆగస్టు 26న హవాయి దీవులలో అతడు కన్నుమూశాడు. వైమానికునిగా అతని జీవితం బోధించే సత్యం మాత్రం స్పష్టం. నేర్చినవాడినన్న భావం నేర్చుకోవడానికి మొదటి అడ్డంకి. కొత్త పనిముట్టు చేతికి వచ్చినప్పుడు మళ్ళీ విద్యార్థి కాగలిగినవాడే ఆ విద్యలో నిలుస్తాడు.