రాబర్ట్ మాక్స్‌వెల్

రాబర్ట్ మాక్స్‌వెల్ (జూన్ 10, 1923 - నవంబరు 5, 1991) బ్రిటన్‌కు చెందిన ప్రచురణకర్త, పత్రికాధిపతి, మాజీ పార్లమెంటు సభ్యుడు. చెకొస్లొవేకియాలో ఒక నిరుపేద యూదు కుటుంబంలో జన్మించిన ఇతడు రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో బ్రిటిష్ సైన్యంలో చేరి, యుద్ధానంతరం విజ్ఞానశాస్త్ర పత్రికల ప్రచురణతో వ్యాపారం ఆరంభించి, పెద్ద ప్రచురణ సామ్రాజ్యాన్ని నిర్మించాడు. మరణానంతరం, ఇతని సంస్థలలోని ఉద్యోగుల పింఛను నిధుల నుండి 40 కోట్ల పౌండ్లకు పైగా సొమ్ము తరలిపోయినట్లు బయటపడింది. వీడియో గేముల చరిత్రలో ఇతని పేరు టెట్రిస్ హక్కుల వివాదంతో ముడిపడి ఉంది. సెగా సంస్థ మెగా డ్రైవ్ యంత్రం కొరకు సిద్ధం చేసిన టెట్రిస్ విడుదల కాకుండానే నిలిచిపోవడం ఆ వివాద ఫలితమే.

బాల్యం

మాక్స్‌వెల్ అప్పటి చెకొస్లొవేకియా తూర్పు కొసన ఉన్న స్లాటిన్‌స్కే డోలీ అనే ఊరిలో జన్మించాడు. ఉప్పు గనులకు పేరుపొందిన ఆ ఊరు ఇప్పుడు సొలోత్వినో అనే పేరుతో ఉక్రెయిన్‌లో ఉంది. ఇతని అసలు ఇంటిపేరు హోఖ్. సంప్రదాయ నిష్ఠ గల ఆ కుటుంబంలో మాట్లాడే భాష యిడ్డిష్. ఇంట్లో కటిక పేదరికం. క్రమమైన పాఠశాల చదువు ఇతనికి పెద్దగా అబ్బలేదు. అయితే భాషలను త్వరగా పట్టుకునే శక్తి చిన్ననాటి నుండే ఉండేది. ఆ తరువాతి కాలంలో ఎన్నో ఐరోపా భాషలలో ధారాళంగా మాట్లాడేవాడు.

1939లో ఆ ప్రాంతాన్ని హంగరీ ఆక్రమించుకుంది. యువకుడైన మాక్స్‌వెల్ దేశం విడిచి ఫ్రాన్సు చేరుకున్నాడు. స్వగ్రామంలో మిగిలిపోయిన కుటుంబ సభ్యులలో అత్యధికులు నాజీల మారణకాండలో హతులయ్యారు.

సైనిక జీవితం

1940లో ఫ్రాన్సులో ప్రవాస చెకొస్లొవేకియా సైన్యంలో చేరాడు. ఫ్రాన్సు పతనమైన తరువాత బ్రిటన్ చేరి అక్కడి సైన్యంలో ప్రవేశించాడు. నార్మండీ నుండి జర్మనీ వరకు సాగిన పోరాటాలలో పాల్గొన్నాడు. సాహసానికి గుర్తింపుగా 1945లో మిలిటరీ క్రాస్ పతకాన్ని పొందాడు. సైన్యంలో ఉండగా పలుమార్లు పేరు మార్చుకుని, చివరకు రాబర్ట్ మాక్స్‌వెల్ అనే పేరును స్థిరపరచుకున్నాడు. 1946లో బ్రిటిష్ పౌరసత్వం లభించింది.

పెర్గమాన్ ప్రెస్

యుద్ధానంతరం మాక్స్‌వెల్ బెర్లిన్‌లో బ్రిటిష్ అధికార యంత్రాంగం తరఫున పత్రికల వ్యవహారాలు చూశాడు. అక్కడ జర్మన్ ప్రచురణ సంస్థ స్ప్రింగర్‌తో పరిచయం కలిగింది. ఆ సంస్థ విజ్ఞానశాస్త్ర గ్రంథాలను, పత్రికలను విదేశాలలో పంపిణీ చేసే అవకాశం పొందాడు. 1951లో ఒక చిన్న ప్రచురణ సంస్థలో అధిక భాగాన్ని కొని దానికి పెర్గమాన్ ప్రెస్ అని పేరు పెట్టాడు.

విజ్ఞానశాస్త్ర పత్రికల వ్యాపారంలోని కిటుకును ముందుగా గ్రహించినవారిలో ఇతడు ఒకడు. పరిశోధకులు పారితోషికం ఆశించకుండా వ్యాసాలు రాస్తారు. విశ్వవిద్యాలయ గ్రంథాలయాలు ఆ పత్రికలను కొనక తప్పదు. చందా మొత్తం ఏడాదికి ముందుగానే చేతికి వస్తుంది. ఈ పద్ధతిలో పెర్గమాన్ ప్రపంచంలోని ప్రముఖ విజ్ఞాన ప్రచురణ సంస్థలలో ఒకటిగా ఎదిగింది. ఆక్స్‌ఫర్డ్‌లోని హెడింగ్టన్ హిల్ హాల్ భవనం ఇతనికి నివాసం, సంస్థకు కార్యాలయం అయింది.

రాజకీయాలు, తొలి పతనం

1964 ఎన్నికలలో లేబర్ పార్టీ తరఫున బకింగ్‌హామ్ నియోజకవర్గం నుండి పార్లమెంటుకు ఎన్నికయ్యాడు. 1966లో తిరిగి గెలిచి, 1970లో ఓడిపోయాడు. ఈ కాలంలోనే న్యూస్ ఆఫ్ ది వరల్డ్, సన్ పత్రికలను కొనడానికి ప్రయత్నించి రెండుసార్లూ రూపర్ట్ మర్డోక్ చేతిలో ఓడాడు.

1969లో అమెరికాకు చెందిన లియాస్కో సంస్థ పెర్గమాన్‌ను కొనడానికి ముందుకు వచ్చింది. లెక్కలు పరిశీలించగా, మాక్స్‌వెల్ సొంత కుటుంబ సంస్థలతో జరిపిన లావాదేవీల ద్వారా పెర్గమాన్ లాభాలను ఎక్కువ చేసి చూపినట్లు తేలింది. అదే సంవత్సరం ఇతనిని డైరెక్టర్ల మండలి నుండి తొలగించారు. 1971లో బ్రిటిష్ ప్రభుత్వం నియమించిన విచారణాధికారులు, ప్రజల వాటాలున్న సంస్థను నడిపే బాధ్యతను ఈ వ్యక్తికి నమ్మి అప్పగించరాదని తమ నివేదికలో నిర్ధారించారు. అయినా 1974లో పెర్గమాన్‌ను మాక్స్‌వెల్ తిరిగి చేజిక్కించుకున్నాడు.

మిర్రర్ పత్రికలు

1981లో నష్టాలలో ఉన్న బ్రిటిష్ ప్రింటింగ్ కార్పొరేషన్‌ను స్వాధీనం చేసుకుని లాభాల బాట పట్టించాడు. ఇదే తరువాత మాక్స్‌వెల్ కమ్యూనికేషన్ కార్పొరేషన్ అయింది. 1984లో 11.3 కోట్ల పౌండ్లకు మిర్రర్ పత్రికా సమూహాన్ని కొన్నాడు. డెయిలీ మిర్రర్ బ్రిటన్‌లో లేబర్ పార్టీని బలపరిచే ప్రధాన దినపత్రిక. ఆక్స్‌ఫర్డ్ యునైటెడ్, డెర్బీ కౌంటీ ఫుట్‌బాల్ క్లబ్బులు కూడా ఇతని అధీనంలోకి వచ్చాయి. 1988లో అమెరికాలోని మాక్‌మిలన్ ప్రచురణ సంస్థను దాదాపు 260 కోట్ల డాలర్లకు కొన్నాడు. ఈ కొనుగోలు కొరకు తెచ్చిన అప్పే తరువాత ఇతని పతనానికి ముఖ్య కారణమైంది.

టెట్రిస్ వివాదం

మిర్రర్ సమూహంతో పాటు మాక్స్‌వెల్‌కు సంక్రమించిన చిన్న సంస్థలలో మిర్రర్‌సాఫ్ట్ ఒకటి. 1983లో మొదలైన ఈ సంస్థ ఇళ్లలో వాడే కంప్యూటర్లకు గేములు ప్రచురించేది.

టెట్రిస్‌ను 1984లో మాస్కోలోని సోవియట్ విజ్ఞాన అకాడమీకి చెందిన కంప్యూటర్ కేంద్రంలో అలెక్సీ పజిత్నోవ్ రూపొందించాడు. పైనుండి పడే నాలుగు గడుల ముక్కలను తిప్పుతూ, ఖాళీ లేకుండా వరుసలు నింపడమే ఈ ఆట. వరుస నిండితే మాయమవుతుంది. 1990లలో జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల వంటి తెలంగాణ పట్టణాల పిల్లలకు ఇది బ్రిక్ గేమ్ అనే చవక చేతి యంత్రం రూపంలో పరిచయమైంది.

లండన్‌లో ఆండ్రోమెడా సాఫ్ట్‌వేర్ అనే సంస్థను నడిపే రాబర్ట్ స్టెయిన్ 1986లో ఈ ఆటను హంగరీలో చూశాడు. మాస్కోతో ఒప్పందం పూర్తి కాకముందే దాని హక్కులను మిర్రర్‌సాఫ్ట్‌కు, అమెరికాలో మాక్స్‌వెల్ సంస్థలతో సంబంధమున్న స్పెక్ట్రమ్ హోలోబైట్‌కు అమ్మాడు. 1988లో సోవియట్ ప్రభుత్వ వాణిజ్య సంస్థ ఎలోర్గ్ స్టెయిన్‌తో ఒప్పందం చేసుకుంది. అయితే అందులో ఇచ్చినది కంప్యూటర్ హక్కులు మాత్రమే. టీవీకి తగిలించి ఆడే యంత్రాల హక్కులు గాని, నాణెం వేసి ఆడే యంత్రాల హక్కులు గాని అందులో లేవు.

అయినా ఆ హక్కులు చేతులు మారుతూనే ఉన్నాయి. మిర్రర్‌సాఫ్ట్ వాటిని అటారీ గేమ్స్‌కు ఇచ్చింది. అటారీ గేమ్స్ నుండి జపానులో సెగా సంస్థకు, హెంక్ రోజర్స్ నడిపే బులెట్ ప్రూఫ్ సాఫ్ట్‌వేర్‌కు చేరాయి. 1988 చివరలో సెగా నాణెం వేసి ఆడే టెట్రిస్‌ను, రోజర్స్ నింటెండో ఫామికామ్ యంత్రానికి టెట్రిస్ క్యాసెట్టును జపానులో విడుదల చేశారు. సెగా తన కొత్త యంత్రం మెగా డ్రైవ్‌కు కూడా ఈ ఆటను తయారు చేసి, ఏప్రిల్ 15, 1989న విడుదల చేయదలచింది.

ఫిబ్రవరి 1989లో స్టెయిన్, రోజర్స్, మాక్స్‌వెల్ కుమారుడు కెవిన్ మాక్స్‌వెల్ ముగ్గురూ ఒకే సమయంలో, వేర్వేరుగా మాస్కో వెళ్లారు. ఎలోర్గ్ తరఫున నికొలాయ్ బెలికోవ్ వారితో విడివిడిగా చర్చలు జరిపాడు. రోజర్స్ చూపిన ఫామికామ్ క్యాసెట్టు ద్వారానే అటువంటి హక్కులు అమ్ముడుపోయిన సంగతి బెలికోవ్‌కు తెలిసింది. అదే క్యాసెట్టును కెవిన్‌కు చూపినప్పుడు, తమ సంస్థ ద్వారానే ఆ హక్కులు వెళ్లాయని తెలియక, అది దొంగ ప్రతి అయి ఉంటుందని అతడు బదులిచ్చినట్లు ప్రసిద్ధి. బెలికోవ్ స్టెయిన్‌తో ఒప్పందానికి ఒక సవరణ పత్రంపై సంతకం చేయించుకున్నాడు. కంప్యూటర్ అంటే ప్రాసెసర్, తెర, కీబోర్డు, డిస్కు డ్రైవులు ఉన్న యంత్రం అని అందులో నిర్వచించి ఉంది. దీనితో టీవీకి తగిలించే యంత్రాలు ఆ ఒప్పందం పరిధిలోకి రావని స్పష్టమైంది.

మార్చి 1989లో ఆ యంత్రాల హక్కులను ఎలోర్గ్ నింటెండోకు ఇచ్చింది. ఇది తెలిసి రాబర్ట్ మాక్స్‌వెల్ ఆగ్రహించాడు. బ్రిటిష్ ప్రభుత్వానికి ఫిర్యాదు చేశాడు. సోవియట్ అధినేత మిఖాయిల్ గోర్బచేవ్‌తో తనకున్న పరిచయాన్ని ఉపయోగించి ఒప్పందాన్ని రద్దు చేయించడానికి ప్రయత్నించాడు. పైనుండి ఒత్తిడి వచ్చినా బెలికోవ్ వెనక్కు తగ్గలేదు.

హక్కుల గొలుసులో మొదటి లంకె తెగిపోవడంతో మిగిలినవన్నీ తెగిపోయాయి. సిద్ధంగా ఉన్న మెగా డ్రైవ్ టెట్రిస్‌ను సెగా విడుదల చేయలేదు. దాని క్యాసెట్టు ప్రతులు అతి కొద్దిగా మాత్రమే మిగిలి, సేకరణకర్తలకు అత్యంత విలువైన వస్తువులయ్యాయి. అమెరికాలో అటారీ గేమ్స్ తన టెంజెన్ విభాగం పేరుతో మే 1989లో విడుదల చేసిన క్యాసెట్టును, జూన్ 21, 1989న న్యాయమూర్తి ఫెర్న్ స్మిత్ ఇచ్చిన ఉత్తర్వుతో అంగళ్ల నుండి ఉపసంహరించవలసి వచ్చింది. నింటెండో గేమ్‌బాయ్ యంత్రానికి వచ్చిన టెట్రిస్ మాత్రం దాదాపు 3.5 కోట్ల ప్రతులు చెల్లింది. ఆట సృష్టికర్త పజిత్నోవ్‌కు రాయల్టీ రావడం 1996లో గాని మొదలు కాలేదు.

ఆగిపోయిన మెగా డ్రైవ్ టెట్రిస్‌ను సెగా 2006లో జపానులో ప్లేస్టేషన్ 2 కొరకు వెలువరించిన టెట్రిస్ సంకలనంలో చేర్చింది.

మరణం

1990 నాటికి మాక్స్‌వెల్ సంస్థలు అప్పుల భారంతో కుంగిపోయాయి. 1991లో పెర్గమాన్‌ను 44 కోట్ల పౌండ్లకు డచ్ సంస్థ ఎల్సెవియర్‌కు అమ్మాడు. మిర్రర్ సమూహపు వాటాలను ప్రజలకు అమ్మకానికి పెట్టాడు. అదే సంవత్సరం న్యూయార్క్ డెయిలీ న్యూస్ పత్రికను కొన్నాడు.

నవంబరు 5, 1991న కెనరీ దీవుల సమీపంలో, చిన్న కుమార్తె పేరు పెట్టిన లేడీ గిలేన్ అనే తన విహారనౌక నుండి అదృశ్యమయ్యాడు. ఆ తరువాత అట్లాంటిక్ సముద్రంలో శవం దొరికింది. గుండెపోటు, ప్రమాదవశాత్తు మునక మరణ కారణాలని స్పెయిన్ అధికారులు నిర్ధారించారు. ఆత్మహత్య అని, హత్య అని పలు ఊహాగానాలు వచ్చినా ఏదీ నిరూపణ కాలేదు. జెరూసలేములోని ఆలివ్ కొండపై ఇతనిని ఖననం చేశారు. అంత్యక్రియలకు ఇజ్రాయెల్ అధ్యక్షుడు, ప్రధానమంత్రి హాజరయ్యారు.

పింఛను నిధుల అపహరణ

మరణించిన కొద్ది వారాలకే అసలు విషయం వెలుగు చూసింది. ఉద్యోగుల పింఛను నిధులు పెట్టుబడి పెట్టి ఉన్న వాటాలను మాక్స్‌వెల్ తన సొంత సంస్థలకు అరువు ఇచ్చినట్లు చూపి, వాటిని బ్యాంకులలో తాకట్టు పెట్టి అప్పులు తెచ్చాడు. మాక్స్‌వెల్ కమ్యూనికేషన్ కార్పొరేషన్ వాటాల ధర పడిపోకుండా నిలబెట్టడానికి కూడా సొమ్ము వెచ్చించాడు. ఆ వాటాల ధర పడితే బ్యాంకులు మరింత పూచీ అడుగుతాయి. ఆ పూచీకి మళ్లీ పింఛను నిధులే ఆధారమయ్యాయి. అప్పులిచ్చిన బ్యాంకులు తాకట్టు వాటాలను అమ్ముకోవడంతో, ముద్రణాలయాలలో, పత్రికా కార్యాలయాలలో జీవితమంతా పనిచేసిన వేలాది మంది పింఛను ప్రమాదంలో పడింది.

డిసెంబరు 1991లో ఇతని ప్రధాన సంస్థ దివాలా తీసింది. మిర్రర్‌సాఫ్ట్ కూడా మూతబడింది. 1992లో కెవిన్ మాక్స్‌వెల్ 40 కోట్ల పౌండ్లకు పైగా అప్పుతో దివాలాదారుగా ప్రకటించబడ్డాడు. మోసం అభియోగాలపై విచారణ ఎదుర్కొన్న కెవిన్, ఇయాన్ సోదరులను 1996లో జ్యూరీ నిర్దోషులుగా ప్రకటించింది. ప్రభుత్వ సహాయంతో, బ్యాంకులు, లెక్కల తనిఖీ సంస్థలు చెల్లించిన పరిహారంతో నష్టంలో కొంత భర్తీ అయింది. ఈ ఉదంతం కారణంగానే బ్రిటన్‌లో పింఛను నిధుల పర్యవేక్షణను కట్టుదిట్టం చేసే 1995 పింఛను చట్టం వచ్చింది.

కుటుంబం

1945లో ఫ్రాన్సుకు చెందిన ఎలిజబెత్ మెనార్‌ను వివాహమాడాడు. వీరికి తొమ్మిదిమంది సంతానం. వారిలో ఇద్దరు చిన్న వయసులోనే మరణించారు. ఎలిజబెత్ యూదుల మారణకాండ చరిత్రపై పరిశోధన చేసి పేరుపొందింది. ఆమె 2013లో మరణించింది. చిన్న కుమార్తె గిలేన్ మాక్స్‌వెల్‌ను బాలికల అక్రమ రవాణా కేసులో అమెరికా న్యాయస్థానం 2021లో దోషిగా నిర్ధారించింది.

అంచనా

మాక్స్‌వెల్ నిర్మించిన వాటిలో విజ్ఞానశాస్త్ర పత్రికల వ్యవస్థ ఇతర యజమానుల చేతిలో కొనసాగింది. ఇతని జీవితంలో టెట్రిస్ వివాదం చిన్న ఘట్టమే. అయినా, తనది కాని దానిపై లావాదేవీల గొలుసు అల్లడం ఆ ఘట్టంలోనూ, పింఛను నిధుల ఉదంతంలోనూ కనిపిస్తుంది. మొదటిది మధ్యవర్తి మాటపై ఆధారపడి, ఒప్పంద పత్రాన్ని సరిచూసుకోకపోవడం వలన జరిగినది. రెండవది తెలిసి చేసినది. మొదటి దానిలో నష్టం వ్యాపార సంస్థలకు పరిమితమైంది. రెండవ దానిలో నష్టపోయినది అతని వద్ద పనిచేసిన కార్మికులు. 2023లో వచ్చిన టెట్రిస్ అనే ఆంగ్ల చలనచిత్రంలో మాక్స్‌వెల్ పాత్రను రోజర్ అల్లమ్ పోషించాడు. ఆ చిత్రంలోని పలు సన్నివేశాలు కల్పితాలు.