చూసే కంటిని బట్టి చిత్రం: రాయబారి థామస్ రో

ఆంగ్ల రాయబారి సర్ థామస్ రో 1615 సెప్టెంబరులో సూరత్ రేవుకు చేరుకున్నారు. ఈస్టిండియా కంపెనీకి వర్తక హక్కులు సాధించేందుకు మొదటి జేమ్స్ రాజు ఆయనను మొగల్ చక్రవర్తి జహంగీర్ కొలువుకు పంపారు. ఆ దౌత్యంలో చిత్రాలు ఆయనకు రెండు పాఠాలు నేర్పాయి.

1616లో అజ్మీర్‌లో రో తన వద్దనున్న ఒక సూక్ష్మచిత్రాన్ని చక్రవర్తికి చూపారు. అంతటి పనితనం ఇక్కడివారికి సాధ్యం కాదని ఆయన నమ్మకం. జహంగీర్ తన చిత్రకారునిచేత ఐదు నకళ్లు గీయించి, అసలుతో కలిపి, రాత్రివేళ దీపపు వెలుగులో ఆయన ముందుంచారు. రో ఎంతో తడబడిన తరువాతగాని తన చిత్రాన్ని గుర్తించలేకపోయారు.

మరుసటి ఏడాది లండన్ కానుకలలో ఒక చిత్రం వచ్చింది. అందులో రోమన్ల దేవత వీనస్, కొమ్ములున్న వనపురుషుణ్ణి ముక్కు పట్టి నడిపిస్తోంది. ఐరోపావారికి అదొక పురాణగాథ. జహంగీర్ చూపు మాత్రం ఆ వనపురుషుని నల్లని మేనిపై, దేవత తెల్లదనంపై నిలిచింది. ఆసియావాసులను అవమానించే చిత్రంగా చక్రవర్తి దానిని భావించారని రో గ్రహించారు. అపార్థాలకు తావిచ్చే కానుకలు పంపవద్దని కంపెనీని హెచ్చరించారు.

కోరిన సమగ్ర ఒప్పందం దక్కకపోయినా, కొన్ని అనుమతులు పొంది 1619లో సూరత్ నుంచే స్వదేశానికి మరలారు. అనంతరం ఒట్టోమన్ కొలువులోనూ రాయబారిగా పనిచేసి, 1644లో మరణించారు. ఆ కొలువులో చిత్రాలను ఎలా చూసేవారో ఆయన దినచర్య నేటికీ చెబుతోంది.