త్రాసును నమ్మిన మహనీయుడు – లవోయిజర్

పార్సెలు ఆఫీసులో కూర్చునే మాకు త్రాసుతో నిత్యం పని. వచ్చిన బరువుకు, పంపిన బరువుకు పొంతన కుదరకపోతే లెక్క మూయడానికి వీలులేదు. ఈ పద్ధతినే ప్రకృతిపై ప్రయోగించి, రసాయనశాస్త్రానికి కొత్త పునాది వేసిన ఒక మహనీయుని చరిత్రను ఈ ఉగాదినాడు సోదరీ సోదరుల ముందుంచుతున్నాము.

ఆంట్వాన్ లవోయిజర్ 1743 ఆగస్టు 26వ తేదీన పారిస్ నగరంలో జన్మించారు. న్యాయశాస్త్రం చదివారు గాని, మనసు విజ్ఞానం మీదనే నిలిచింది.

నీటిని చాలాకాలం కాచితే మట్టిగా మారుతుందని ఆ రోజుల్లో పలువురి నమ్మకం. పాత్ర అడుగున కనిపించే మడ్డియే వారికి సాక్ష్యం. లవోయిజర్ మూసిన గాజుపాత్రలో నీటిని 101 రోజులు కాచి, పిమ్మట అన్నిటినీ వేరువేరుగా తూచారు. నీరు తరగలేదు, పాత్ర తరిగింది. మడ్డి గాజునుండి వచ్చినదేనని తేలింది.

మండే వస్తువునుండి ఫ్లోజిస్టన్ అనే పదార్థం వెళ్లిపోతుందని అప్పటి పండితుల మాట. అలాగైతే బరువు తగ్గవలెను గదా! కాని గంధకం, భాస్వరం మండినప్పుడు బరువు పెరగడం 1772లో ఆయన చూశారు. 1774లో మూసిన పాత్రలో తగరం కాచితే మొత్తం బరువు మారలేదు. తెరవగానే గాలి లోపలికి చొరబడి బరువు పెరిగింది. అంటే తగరం లోపలి గాలిలో కొంత భాగాన్ని పట్టుకొన్నదన్నమాట. ఇంగ్లీషువాడైన ప్రీస్ట్లీ వేరుచేసిన వాయువే ఆ భాగమని గ్రహించి, దానికి ఆక్సిజన్ అని పేరుపెట్టారు.

భార్య మారీ ఆన్ ఇంగ్లీషు నేర్చి శాస్త్రగ్రంథాలు అనువదించారు. పరికరాల బొమ్మలు గీశారు. 1789లో వెలువడిన తన గ్రంథంలో లవోయిజర్ 33 మూలపదార్థాల పట్టిక ఇచ్చారు. అందులో వెలుగును, వేడిని చేర్చడం పొరపాటే. దానిని తరువాతివారు ప్రయోగాలతోనే దిద్దారు.

ప్రభుత్వానికి పన్నులు వసూలుచేసే సంఘంలో ఆయనకు వాటా ఉండేది. ఆ ఆదాయమే ప్రయోగాలకు ఆధారం. అదే ఆయన ప్రాణానికి ముప్పయినది. ప్రజలు ఆ సంఘాన్ని ద్వేషించేవారు. విప్లవకాలంలో 1794 మే 8వ తేదీన తీర్పు చెప్పి, ఆనాడే ఆయనను, మామగారిని, తోటి వాటాదారులను గిలటిన్‌కు బలియిచ్చారు. అప్పటికాయన వయస్సు 50 ఏండ్లు. మడ్డిని తూచడానికి ఆయన నూరు రోజులు ఓపికపట్టారు; ఆయనను తూచడానికి న్యాయస్థానం ఒక్కరోజైనా ఆగలేదు.

పరాయిగడ్డపై మన పిల్లలు ఏ భాషలో చదివినా, విన్నమాటను తూచిచూసే అలవాటు నేర్తురు గాక! అందరికీ ఉగాది శుభాకాంక్షలు.