సముద్రాన్ని ఇంట్లోకి తెచ్చిన నాన్న: ఫిలిప్ హెన్రీ గాస్



ఏ మాల్‌లోనో, ఎగ్జిబిషన్‌లోనో సముద్రపు చేపలు, పగడాలు ఉన్న గాజు ట్యాంక్ ముందు మీ పిల్లలు కదలకుండా నిలబడిపోయి ఉంటారు. ఇంటికొచ్చాక మనమూ ఒకటి పెట్టుకుందామని అడిగి కూడా ఉంటారు. ఉప్పునీటి ట్యాంక్‌ను ఇంటి ముందు గదిలోకి తెచ్చే అలవాటు 1850లలో ఇంగ్లండ్‌లో మొదలైంది. దాన్ని అందరికీ నేర్పిన మనిషి ఫిలిప్ హెన్రీ గాస్. ఆయన ఒక శాస్త్రవేత్త, కొన్నాళ్ళు మాలాగే స్కూల్ టీచర్, ఒక పిల్లవాడికి తండ్రి. ఈ నెల ఆయన జీవితం గురించి చదువుదాం.

కాలేజీ గడప తొక్కని శాస్త్రవేత్త

గాస్ 1810 ఏప్రిల్ 6న ఇంగ్లండ్‌లోని వూస్టర్‌లో పుట్టారు. తండ్రి ఊరూరా తిరుగుతూ చిన్న సైజు ముఖచిత్రాలు గీసే చిత్రకారుడు. సంపాదన అంతంతమాత్రం. కుటుంబం పూల్ అనే ఓడరేవు ఊళ్ళో స్థిరపడింది. అక్కడ ఆయనకు ఇద్దరు గురువులు దొరికారు, ఇద్దరూ ఇంట్లోవాళ్ళే. తండ్రి సన్నని కుంచెతో బొమ్మలు వేయడం నేర్పారు. ఒడ్డున దొరికే జీవుల గురించి మేనత్త చెప్పారు. రాళ్ళకు అంటుకుని పువ్వులా విచ్చుకునే సీ ఎనిమోన్‌లను ఆయన మొదట చూసింది ఆ ఊళ్ళోనే. నీమో సినిమాలో చేప దాక్కునే జీవి ఈ జాతిదే.

పై చదువులకు డబ్బు లేదు. 17 ఏళ్ళకే, 1827లో, అట్లాంటిక్ దాటి న్యూఫౌండ్‌లాండ్‌లో ఒక వ్యాపార సంస్థలో గుమాస్తాగా చేరారు. అక్కడ 1832లో మైక్రోస్కోప్ మీద ఒక పాత పుస్తకం కొన్నారు. దాంతో పురుగుల్ని గమనించి రాసుకునే అలవాటు మొదలైంది. పగలు లెక్కలు, తీరిక వేళల్లో పురుగులు. తర్వాత కెనడాలో వ్యవసాయం చేసి నష్టపోయారు. 1838లో అమెరికాలోని అలబామాలో ఒక చిన్న స్కూల్లో పాఠాలు చెప్పారు. అక్కడి సీతాకోక చిలుకల్ని అద్భుతంగా బొమ్మలు గీశారు. అక్కడి బానిసల కష్టాలు చూసి తట్టుకోలేకపోయారు కూడా. ఏడాది తిరగకుండానే ఇంగ్లండ్‌కు బయలుదేరారు.

లండన్‌కు వచ్చేటప్పటికి ఆయనకు దాదాపు 29 ఏళ్ళు. చేతిలో డిగ్రీ లేదు, డబ్బు లేదు, నోట్‌బుక్కులు మాత్రం ఉన్నాయి. కెనడా గురించి రాసిన పుస్తకం 1840లో అచ్చయింది. హ్యాక్నీలో సొంతంగా ఒక చిన్న స్కూల్ నడిపారు. 1844లో జమైకా వెళ్ళి ఏడాదిన్నర పక్షుల్ని పరిశీలించారు. అక్కడ శామ్యూల్ క్యాంప్‌బెల్ అనే నల్లజాతి యువకుడు ఆయనకు కుడిభుజంగా పనిచేశాడు. అతని చూపు ఎంత చురుకైనదో గాస్ తన పుస్తకాల్లో మెచ్చుకుంటూ రాశారు.

1848లో రచయిత్రి ఎమిలీ బోవ్స్‌ను పెళ్ళి చేసుకున్నారు. 1849 సెప్టెంబర్‌లో కొడుకు ఎడ్మండ్ పుట్టాడు. ఆ రోజు డైరీలో కొడుకు పుట్టిన సంగతి, జమైకా నుంచి ఒక పిట్ట వచ్చిన సంగతి పక్కపక్కనే రాసుకున్నారు. దీన్ని చదివి ఇప్పటికీ జనం నవ్వుకుంటారు. ఆయనకు కొడుకంటే ప్రేమ లేదని కాదు. చూసినదల్లా చూసినట్టు రాసుకునే మనిషి, అంతే.

నీళ్ళు ఎందుకు పాడవుతాయి?

1852 నాటికి పని ఒత్తిడితో ఆయన ఆరోగ్యం దెబ్బతింది. గాలి మార్పు కోసం కుటుంబమంతా డెవన్ తీరానికి వెళ్ళింది. విశ్రాంతి కోసం వెళ్ళిన మనిషి రోజూ మోకాలిలోతు నీళ్ళలోనే గడిపారు. ఆటు సమయంలో సముద్రం వెనక్కి తగ్గినప్పుడు రాళ్ళ మధ్య మిగిలే నీటి గుంటల్లో ఎన్నో జీవులు కనిపించేవి. ఇల్ఫ్రకూమ్ దగ్గర ఎర్రటి, బంగారు రంగు కలిసిన ఒక చిన్న పగడాన్ని కనిపెట్టి, శాస్త్రీయంగా పేరు పెట్టారు. చల్లని ఇంగ్లండ్ సముద్రంలోనూ పగడాలుంటాయని చాలామందికి అప్పుడే తెలిసింది.

కానీ గిన్నెలో వేసి ఇంటికి తెచ్చిన జీవి కొద్ది రోజుల్లో చచ్చిపోయేది. నీళ్ళు కంపు కొట్టేవి. అంతకుముందు లండన్‌లో ఆనా థిన్ అనే ఆవిడ పగడాలను బతికించడానికి, పనిమనిషి చేత రోజూ అరగంటకు పైగా నీళ్ళను ఒక పాత్రలోంచి ఇంకో పాత్రలోకి పోయించేవారు. గాలి నీళ్ళలో కలవాలని ఆమె ఉద్దేశం. మరోవైపు రాబర్ట్ వారింగ్టన్ అనే రసాయన శాస్త్రవేత్త మంచినీటి తొట్టెలో చేపలు, ఒక నీటి మొక్క, కొన్ని నత్తలు కలిపి పెట్టి, నీళ్ళు మార్చకుండా నెలల తరబడి నడిపించి 1850లో ఆ సంగతి ప్రకటించారు. మొక్క వెలుతురులో ఆక్సిజన్ ఇస్తుంది, చేప వదిలిన కార్బన్ డయాక్సైడ్ తీసుకుంటుంది, కుళ్ళిన ఆకుల్ని నత్త తింటుంది. మన పిల్లలు కిరణజన్య సంయోగక్రియ పాఠంలో చదివేది ఇదే.

ఇదే సూత్రాన్ని గాస్ ఉప్పునీటిలో పరీక్షించి చూశారు. సముద్రపు నాచుకు మొక్కల్లా వేళ్ళుండవు, అది రాతికి అంటుకుని ఉంటుంది. పీకితే చచ్చిపోతుంది. అందుకే సుత్తి, ఉలి పట్టుకుని, నాచు పెరిగిన రాతి ముక్కనే చెక్కి తెచ్చేవారు. ముందు తొట్టెలో రాళ్ళూ నాచూ పెట్టి, అవి నిలదొక్కుకునే దాకా ఆగి, ఆ తర్వాత కొద్దిపాటి జీవుల్ని వదలాలి. గాజు మీద పేరుకునే పాకుడును తినడానికి చిన్న నత్తలు కావాలి. ఎండ మరీ ఎక్కువైతే పాకుడు పెరుగుతుంది, తక్కువైతే నాచు చస్తుంది. నీళ్ళు ఆవిరైపోతే పోయాల్సింది మంచినీళ్ళే, ఎందుకంటే ఉప్పు ఆవిరి కాదు. చచ్చిన జీవిని వెంటనే తీసేయకపోతే మిగతావీ పోతాయి. ఇవన్నీ ఆయన ఒక్కొక్కటిగా చూసి, రాసి పెట్టుకున్న సంగతులు.

1853లో లండన్ జూలో ప్రజల కోసం మొదటి అక్వేరియం తెరిచారు. అందులోకి చాలా జీవుల్ని సేకరించి పంపింది గాసే. 1854లో ఆయన రాసిన ది అక్వేరియం పుస్తకం వచ్చింది. దాని బొమ్మలు ఆయనే గీశారు. చిన్నప్పుడు తండ్రి నేర్పిన కుంచె పని అక్కడ అక్కరకొచ్చింది. అక్వేరియం అనే మాట జనం నోళ్ళలో నానింది ఆ పుస్తకం వల్లే. సముద్రానికి దూరంగా ఉన్నవాళ్ళ కోసం మామూలు ఉప్పు, ఎప్సమ్ సాల్ట్, మెగ్నీషియం క్లోరైడ్, పొటాషియం క్లోరైడ్ కలిపి సముద్రపు నీటిని తయారుచేసే పద్ధతి కూడా చెప్పారు. ఇప్పుడు ప్యాకెట్లలో దొరికే అక్వేరియం సాల్ట్ ఆ ఆలోచనకు మెరుగైన రూపమే. 1856లో రాయల్ సొసైటీ ఆయన్ను ఫెలోగా ఎన్నుకుంది.

గుంటలు ఖాళీ అయిన వేళ

ఆ తర్వాత జరిగింది ఆయన ఊహించనిది. ప్రతి ఇంట్లో గాజు తొట్టె ఒక ఫ్యాషన్ అయింది. రైళ్ళ పుణ్యమా అని ఊళ్ళ నుంచి జనం బుట్టలు, ఉలులు పట్టుకుని తీరానికి వచ్చారు. చేతికందినదల్లా చెక్కి పట్టుకుపోయారు. ఆగడం, తక్కువ జీవుల్ని పెట్టడం అనే పాఠం మాత్రం చాలామంది ఇంటికి తీసుకెళ్ళలేదు. తొట్టెల్లో జీవులు చచ్చాయి, మళ్ళీ కొత్తవి తెచ్చారు. కొన్నేళ్ళలోనే ఆ అందమైన నీటి గుంటలు వెలవెలబోయాయి. తన పుస్తకాలే దీనికి కారణమయ్యాయని గాస్ చాలా బాధపడ్డారని కొడుకు ఎడ్మండ్ తర్వాత రాశాడు.

ఇంట్లో ఇంకో కథ

1857 ఫిబ్రవరిలో ఎమిలీ క్యాన్సర్‌తో చనిపోయారు. అప్పటికి ఎడ్మండ్‌కు ఏడేళ్ళు. అదే ఏడాది భూమి వయసు గురించి బైబిల్‌కూ భూగర్భ శాస్త్రానికీ పొత్తు కుదర్చాలని గాస్ రాసిన పుస్తకాన్ని శాస్త్రవేత్తలూ ఒప్పుకోలేదు, భక్తులూ ఒప్పుకోలేదు. మనసు విరిగిన తండ్రి, తల్లి లేని కొడుకు డెవన్ తీరంలోని సెయింట్ మేరీచర్చ్‌లో కాపురం పెట్టారు.

తండ్రీకొడుకులు కలిసి నీటి గుంటల దగ్గరకు వెళ్ళిన రోజులు ఎడ్మండ్‌కు జీవితాంతం గుర్తుండిపోయాయి. పిల్లవాడు కూడా తండ్రిని చూసి బొమ్మలు గీసి, సొంత చిట్టి పుస్తకాలు తయారు చేసేవాడు. 1859లో, పదేళ్ళు కూడా నిండకముందే, తండ్రికి కూడా తెలియని ఒక సీ ఎనిమోన్‌ను కనిపెట్టాడు. అది నిజంగానే కొత్తది. తన పక్కన నిలబడి చూడటం ఎలాగో నేర్పిన తండ్రి వల్లే అది సాధ్యమైంది.

అయితే అదే తండ్రి మత విషయంలో చాలా కఠినంగా ఉండేవారు. ఆ ఇంట్లో కథల పుస్తకాలకు చోటు లేదు. క్రిస్మస్ పండుగ చేసుకోవడం తప్పని ఆయన నమ్మకం. 1857 క్రిస్మస్‌కు పనివాళ్ళు జాలిపడి పిల్లవాడికి ఒక ముక్క పుడ్డింగ్ పెట్టారు. వాడికి భయమేసి తండ్రికి చెప్పేశాడు. గాస్ ఆ పుడ్డింగ్‌ను తీసుకెళ్ళి చెత్తకుప్పలో పారేశారు. ఎడ్మండ్ పెరిగి పెద్దవాడై లండన్‌లో ఉద్యోగంలో చేరాక కూడా, వాడి విశ్వాసం గురించి ఆరా తీస్తూ ఉత్తరాలు వచ్చేవి. చివరకు కొడుకు తన దారి తాను చూసుకున్నాడు. కవిగా, విమర్శకుడిగా పేరు తెచ్చుకుని, 1907లో ఫాదర్ అండ్ సన్ అనే పుస్తకం రాశాడు. తండ్రిని ప్రేమిస్తూనే ఎందుకు విడిపోవాల్సి వచ్చిందో అందులో చెప్పాడు.

గాస్ 1860లో ఎలిజా బ్రైట్‌వెన్‌ను రెండో పెళ్ళి చేసుకున్నారు. చివరి ఏళ్ళలో ఆర్కిడ్ పూలు పెంచారు, మైక్రోస్కోప్‌లో మాత్రమే కనిపించే రోటిఫర్‌ల మీద పెద్ద గ్రంథానికి సాయపడ్డారు. 1888 ఆగస్ట్ 23న కన్నుమూశారు.

ఒక్క సీ ఎనిమోన్ విచ్చుకోవడానికి ఎంత వెలుతురు కావాలో, ఎంత దూరం నుంచి చూడాలో ఆయనకు బాగా తెలుసు. కదిలిస్తే అది ముడుచుకుపోతుందనీ తెలుసు. కొడుకు దగ్గర మాత్రం ఆ ఓపిక అన్ని విషయాల్లోనూ నిలవలేదు. మార్కుల గురించి, ర్యాంకుల గురించి రోజూ ఆరా తీసే మన ఇళ్ళలో, మన స్టాఫ్ రూముల్లో కూడా ఈ సంగతి ఒకసారి ఆలోచించుకోదగ్గదే. ఎడ్మండ్ సంతోషంగా తలుచుకున్నది తండ్రి పక్కన నీటి గుంట మీదకు వంగి నిలబడిన గంటలనే.

మీ పిల్లలు ట్యాంక్ అడిగితే

• మొదటిసారైతే మంచినీటి ట్యాంక్‌తో మొదలుపెట్టండి. నీటి మొక్కలు, రెండు మూడు చిన్న చేపలు, ఒకటి రెండు నత్తలు చాలు.

• ఉప్పునీటి ట్యాంకే కావాలంటే ఆర్‌ఓ నీళ్ళలో అక్వేరియం సాల్ట్ కలిపి, ఉప్పు శాతం, వేడి రోజూ చూసుకోవాలి. వేడి 25 డిగ్రీల దగ్గర నిలకడగా ఉండాలి. ట్యాంక్ ఎంత చిన్నదైతే నీళ్ళు అంత త్వరగా మారిపోతాయి, కాబట్టి చిన్నది సులువు అనుకోకండి.

• చేపల వ్యర్థాల్లోని అమోనియాను మార్చే బ్యాక్టీరియా పెరగడానికి సాధారణంగా 4 నుంచి 6 వారాలు పడుతుంది. అప్పటిదాకా చేపల్ని కొనకండి. ఖాళీ ట్యాంక్‌ను చూస్తూ ఆగడం పిల్లలకు ఒక మంచి పాఠం.

• మన దేశంలో పగడాలకు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఉంది. సముద్రం నుంచి తీయడం, అమ్మడం, కొనడం నేరం. అండమాన్ వెళ్ళినా, రామేశ్వరం వెళ్ళినా ముక్క కూడా తేవద్దు. ట్యాంక్‌లోకి కృత్రిమ పగడాలు చాలు.

• విశాఖ వెళ్ళినప్పుడు ఆటు సమయం చూసుకుని, రాళ్ళున్న తీరంలో నీటి గుంటల దగ్గరకు పిల్లల్ని తీసుకెళ్ళండి. చెయ్యి పట్టుకోండి, రాళ్ళు జారుతాయి. సీ ఎనిమోన్‌లు, పీతలు అక్కడే కనిపిస్తాయి. తిప్పిన రాయిని మళ్ళీ అలాగే పెట్టించండి. ఏమీ ఇంటికి తేవద్దు, ఒక నోట్‌బుక్, పెన్సిల్ మాత్రం వెంట తీసుకెళ్ళండి.

పిల్లలు గీసిన ఆ బొమ్మల్ని సైన్స్ క్లాస్‌కు పంపించండి. క్లాస్‌లో అందరికీ చూపిస్తాం.