ఏకాకిగా భూప్రదక్షిణము చేసిన కెప్టెన్ జాషువా స్లోకమ్

మహాసముద్రమును దాటినవారి కీర్తి లోకమంతటను వ్యాపించును. వారిని దాటించిన నావను కట్టినవారి శ్రమ తరచుగా మరుగున పడిపోవును. ఈ రెండు పనులును ఒక్క మనుష్యునియందే కూడుట అరుదు. అట్టి అరుదైనవారిలో కెప్టెన్ జాషువా స్లోకమ్ ముఖ్యుడు. 1895 మొదలు 1898 వరకు, తోడెవ్వరును లేక, తన చేతులతో బాగుచేసికొనిన చిన్న తెరచాప నావలో భూగోళమును చుట్టివచ్చిన మొట్టమొదటి మానవుడు ఆయనయే. ఆయన సాహసమును గూర్చి విన్నవారు పలువురు. కాని ఆ సాహసమునకు పునాది ఒక పచ్చికబీటిలో 13 నెలలపాటు సాగిన వడ్రంగపు పని యని గ్రహించినవారు కొలదిమంది.

1844 వ సంవత్సరము ఫిబ్రవరి 20 వ తేదీన, నేటి కెనడా దేశపు తూర్పు తీరమందలి నోవాస్కోషియాలో, మౌంట్ హాన్లీ అను పల్లెయందు స్లోకమ్ జన్మించెను. ఆయనకు ఎనిమిదేండ్ల వయస్సున కుటుంబము బ్రయర్ ద్వీపమునకు తరలిపోయెను. అచట తండ్రి పాదరక్షలు కుట్టు దుకాణము పెట్టెను. పదియేండ్ల ప్రాయముననే బాలుని చదువు ముగిసి, దుకాణములో తోలుపని మొదలయ్యెను. తల్లి ఒక దీపస్తంభ రక్షకుని కుమార్తె. ఆ వంశమున పుట్టి ఆ ద్వీపమున పెరిగిన బాలునికి మనస్సంతయు సముద్రము మీదనే యుండెను. పండ్రెండవ యేట నేలమాళిగలో దాగి ఒక చిన్న ఓడబొమ్మను చెక్కుచుండగా, తండ్రి చూచి కోపించి దానిని నేలకు విసరి పగులగొట్టెను. పదునాలుగవ యేట ఇల్లు వదలి చేపల ఓడలో వంటవాడుగా చేరెను. వంట రుచి చూచిన నావికులు ఆయనను వెంటనే దింపివేసిరి. 1860 లో తల్లి మరణించిన పిమ్మట, పదునారవ యేట, ఇల్లు శాశ్వతముగా విడిచి సామాన్య నావికుడాయెను.

బడిచదువు లేకున్నను పుస్తకమును ఆయన విడువలేదు. తీరిక వేళలందు నౌకాశాస్త్ర గ్రంథములు చదివికొని, పరీక్షలో ఉత్తీర్ణుడై, పదునెనిమిదవ యేటనే రెండవ మేటు అయ్యెను. అనంతరము అమెరికా పౌరుడై, ఓడలకు అధిపతియయ్యెను. 1871 జనవరి 31 న సిడ్నీ నగరమున వర్జీనియా వాకర్ అను యువతిని వివాహమాడెను. ఆమెకు ఓడయే ఇల్లయ్యెను. వారికి ఏడుగురు బిడ్డలు కలుగగా నలుగురు మాత్రము దక్కిరి. 1882 నాటికి స్లోకమ్ నార్తరన్ లైట్ అను మేటి ఓడకు అధిపతిగా ఉన్నతస్థితి నందెను.

ఆ ఉన్నతి నిలువలేదు. 1884 జూలై 25 న, అక్విడ్‌నెక్ అను ఓడ బ్వేనస్ ఐరిస్ రేవున నిలిచియుండగా, వర్జీనియా ముప్పదినాలుగేండ్ల ప్రాయమున కన్నుమూసెను. రెండేండ్లకు ఆయన హెన్రియెటా అను తన బంధువును వివాహమాడెను. 1887 చివరను అక్విడ్‌నెక్ బ్రెజిల్ తీరమున ఇసుకమేటపై పడి నాశనమయ్యెను. ఓడకు భీమా లేదు. పరదేశమున భార్యతోను, ఇద్దరు కుమారులతోను చిక్కుకొనిన స్లోకమ్ చేయిచాపి యాచింపలేదు. శిథిలముల నుండి ఏరిన సామగ్రితోను, అచటి మ్రాకులతోను 35 అడుగుల నావను కట్టెను. భార్య తెరచాపలు కుట్టెను. 1888 మే 13 న, బ్రెజిల్‌లో బానిసత్వము రద్దయిన నాడే, నావ నీట దిగెను. అందుచే దానికి స్వేచ్ఛ యను అర్థము గల లిబర్‌డాడె యను పేరు పెట్టిరి. ఆ నావలోనే కుటుంబమంతయు అమెరికా చేరెను. పోయిన ఓడ నుండి క్రొత్త నావను తీయు విద్య ఆయనకు అప్పుడే పట్టుపడెను.

స్వదేశమున ఆయనకు పని దొరకలేదు. ఆవిరి ఓడలు సముద్రమును ఆక్రమించుకొనుచుండెను. తెరచాప ఓడల నాయకులకు గిరాకీ తగ్గిపోయెను. అట్టి దినములలో, 1892 లో, ఈబెన్ పియర్స్ అను వృద్ధ నావికుడు ఆయనకు ఒక ఓడను ఇచ్చెదననియు, దానికి కొంత మరమ్మతు కావలెననియు చెప్పెను. స్లోకమ్ ఆశతో మసాచుసెట్స్ రాష్ట్రమందలి ఫెయిర్‌హేవెన్ గ్రామమునకు పోయి చూచెను. సముద్రమునకు దూరముగా, ఒక బీటిలో, పోట్లు పెట్టి నిలిపిన ముదుసలి నావ అచటనుండెను. దానిపై కాన్వాసు గుడ్డ కప్పబడియుండెను. దాని పేరు స్ప్రే. దానిని ఏమి చేయుదురోయని గ్రామస్థులు ఏడేండ్లుగా అనుకొనుచుండిరి. క్రొత్తగా వచ్చినవాడు దానిని విరుగగొట్టుటకే వచ్చెనని వారు భావించిరి. మరల కట్టుటకని విని ఆశ్చర్యపడిరి. అప్పుడు స్లోకమ్ వయస్సు 48 ఏండ్లు. లోకము ప్రక్కకు నెట్టిన నావికునికి, లోకము ప్రక్కకు నెట్టిన నావ దొరికెను.

ఆయన గొడ్డలి చేతబట్టి సమీపమున నిలిచిన ఓక్ మానును అడుగుదూలమునకై నరికెను. ఒక రైతు స్వల్ప కూలికి దానిని బండిపై చేర్చెను. ప్రక్కలకు కావలసిన వంపుకొయ్యలకై నిటారుగా పెరిగిన లేత మ్రాకులను తెచ్చి చెక్కి, ఆవిరిపెట్టెలో మెత్తపడువరకు ఉంచి, దుంగపై వంచి, వంపు నిలుచువరకు కట్టియుంచెను. ముందుకొయ్యకు పచ్చికబీళ్ల ఓక్ చెట్టును ఏరెను. ఒకటిన్నర అంగుళముల మందము గల పైన్ పలకలను ప్రక్కలకు బిగించెను. ఇట్లు పాత నావ నుండి ఒక్కొక్క భాగమును తీసి క్రొత్తదానిని పొదుగగా, పాతది ఎచట ముగిసెనో క్రొత్తది ఎచట మొదలయ్యెనో చెప్పుట కష్టమయ్యెను.

పలకల సందులు మూయుట నావకు ప్రాణమువంటి పని. స్లోకమ్ మొదట దూదిని, దానిపై తారు పట్టించిన నారను సందులలో కూరెను. ఆ దూది నిలువదని చూడవచ్చినవారు కొందరు వాదించిరి. ఆయన వాదింపక పని సాగించెను. నీటిలో మునుగు భాగమునకు రాగిరంగు రెండుమారులు పూసెను. చెక్కను తొలిచి గుల్లచేయు సముద్రపు పురుగు రాగికి చేరదు. యాత్ర ముగిసిన నాటికిని నావలోనికి ఒక్క చుక్కయు కారలేదు. 13 నెలల కాలమును, సామగ్రికి 553 డాలర్ల 62 సెంట్లును వ్యయమయ్యెను. నావ పొడవు 36 అడుగుల 9 అంగుళములు. వెడల్పు 14 అడుగుల 2 అంగుళములు.

1895 ఏప్రిల్ 24 న స్లోకమ్ ఒంటరిగా బోస్టన్ రేవును విడిచెను. అట్లాంటికును దాటి జిబ్రాల్టరు చేరెను. మధ్యధరా సముద్రమున దొంగల భయము కలదని అచటివారు చెప్పగా, వెనుదిరిగి మరల అట్లాంటికును దాటి బ్రెజిల్ చేరెను. ఉరుగ్వే తీరమున నావ ఇసుకలో కూరుకొనెను. లంగరును లోతునకు చేర్చబోవగా చిన్నపడవ తలక్రిందులయ్యెను. ఈత రాని ఆ కెప్టెన్ దానిని పట్టుకొని వ్రేలాడి బ్రదికెను. మాంటివీడియో రేవున నావకు మరమ్మతు జరిగెను. ముందున్న దక్షిణపు గాలులను తలచి, బ్వేనస్ ఐరిస్‌లో తెరచాపస్తంభమును ఏడడుగులు తగ్గించెను. గాలిని జయింపలేము, గాలికి తగినట్లు నావను దిద్దుకొనవచ్చునని ఆయన ఎరుగును.

1896 ఫిబ్రవరి 11 న మెగెల్లన్ జలసంధిలో ప్రవేశించెను. ప్రయాణమంతటిలో కఠినమైన భాగమిదియే. జలసంధి దాటి పసిఫికున అడుగిడగానే తుపాను చెలరేగి, పెద్ద తెరచాపను పేలికలు చేసి, నావను కేప్ హార్న్ వైపు తరిమెను. రాతిమిట్టలపై విరుగు అలల నడుమ ఒక రాత్రియెల్ల త్రోవ వెదకికొని, ఆయన మరల జలసంధిలోనికే వచ్చి పడెను. ఆ తీరవాసులు రాత్రివేళ నావపైకి ఎక్కుదురను భయముండెను. పుంటా అరెనాస్‌లో ఒక స్నేహితుడు తివాచీ మేకులను సంచితో ఇచ్చియుండెను. నిద్రకు ముందు వానిని నావపై చల్లుకొనగా, ఒక రాత్రి పాదములు గ్రుచ్చుకొనినవారు కేకలు వేయుచు నీటిలో దూకిరి. పగటివేళ ఆయన సూదియు దారమును పట్టి చిరిగిన తెరచాపలను కుట్టెను. వెనుకభాగమున రెండవ స్తంభము నొకదానిని నిలిపెను. పలుమారులు గాలి వెనుకకు నెట్టినను విడువక, ఏప్రిల్ 13 న పసిఫికునకు బయటపడెను.

నిద్రించుచున్న మనుష్యునితో నావ ఎట్లు నడిచెనను సందేహము ఎవరికైనను కలుగును. స్ప్రే అడుగుదూలము పొడవైనది. తెరచాపలను ఒకదానికొకటి సరితూగునట్లు సవరించి, చుక్కాని చక్రమును త్రాటితో కట్టివేసినచో, నావ త్రోవ తప్పబోయినప్పుడెల్ల గాలియే దానిని సరిదిద్దును. ఇట్లు అది తనంతట తానే నడచుచుండగా, స్లోకమ్ వండుకొనుచు, చదువుకొనుచు, నిదురించుచునుండెను. థర్స్‌డే ద్వీపము నుండి కీలింగ్ దీవులకు గల 2,700 మైళ్లను 23 దినములలో దాటినప్పుడు, ఆయన చుక్కాని పట్టినది సుమారు మూడు గంటలు మాత్రమే. ఆయన వద్ద ఖరీదైన నౌకాగడియారము లేదు. దాని మరమ్మతునకు 15 డాలర్లగునని దానిని ఇంటనే విడిచి, ముఖము పగిలిన తగరపు గడియారమును ఒక డాలరునకు కొనెను. సూర్యచంద్రులను కొలిచి లెక్కవేయు విద్య ఉన్నందున అదియే చాలెను.

సమోవాలో ఆయన, పరలోకగతుడైన రచయిత రాబర్ట్ లూయీ స్టీవెన్సన్ గృహమును దర్శించెను. రచయిత భార్య ఫానీ, భర్త పలుమారులు చదివిన నౌకాయాన గ్రంథములను స్లోకమ్‌నకు బహూకరించెను. ఒక చేతి నుండి మరియొక చేతికి పోయినప్పుడే పుస్తకము సార్థకమగునని ఆమె ఎరిగియుండెను. ఆయన వానిని భక్తితో స్వీకరించెను.

పోయినచోటనెల్ల నావ అడుగును పరీక్షించుట ఆయన నియమము. టాస్మేనియాలో నావను ఒడ్డుకు చేర్చి, పురుగు పట్టలేదని నిశ్చయించుకొని, మరల రాగిరంగు పూసెను. కీలింగ్ దీవులలో ఆ ముందుకొయ్య పగడపుమిట్టను రెండుగా చీల్చినను దానికి గీటైనను పడలేదు. మారిషస్, దక్షిణాఫ్రికాల మీదుగా సెయింట్ హెలీనా చేరగా, అచట ఇచ్చిన మేక ఒకటి వెస్టిండీస్ పటమును నమిలి మ్రింగెను. పటము లేకయే ఆయన ఆ దీవులను దాటెను. 1898 జూన్ 27 న న్యూపోర్టు చేరెను. 46,000 మైళ్లు నడచిన నావను జూలై 3 న ఫెయిర్‌హేవెన్‌కు తెచ్చి, నీట దించిన నాడు కట్టిన గుంజకే మరల కట్టెను.

1900 లో వెలువడిన ఆయన యాత్రాగ్రంథము ప్రసిద్ధికెక్కెను. 1902 లో మార్తాస్ విన్యార్డ్ ద్వీపమున పొలము కొనెను గాని, నేల ఆయనను నిలుపలేకపోయెను. శీతకాలములందు ఒంటరిగా వెస్టిండీస్‌కు పోవుచుండెను. అవసానకాలమున స్ప్రేను చూచినవారు త్రాళ్లు అరిగి, నావ సంరక్షణ సడలినదని గుర్తించిరి. ఎవరి చేతుల జాగ్రత్తచే ఆ నావ ప్రపంచమును చుట్టివచ్చెనో, ఆ చేతులకు వార్ధక్యము వచ్చెను. 1909 నవంబరులో 65 ఏండ్ల వయస్సున ఆయన దక్షిణముగా తెరచాప ఎత్తెను. తరువాత ఆయనను గాని స్ప్రేను గాని చూచినవారు లేరు. 1924 లో న్యాయస్థానము ఆయన మరణించినట్లు ప్రకటించెను.

సాహసము ఒకనాటి ఉత్సాహము కాదు. నిత్యము చేయవలసిన సంరక్షణ. సందులు కూరుట, చాపలు కుట్టుట, అడుగును పరీక్షించుట – చిన్నవిగా కనబడు ఈ పనులే ఆయనను సముద్రములు దాటించినవి. ఆ పనులు సాగినంతకాలము స్ప్రే ఏ తుపానుకును లొంగలేదు. పెద్దలు కట్టి యప్పగించిన ఏ సంస్థకైనను, ఏ పుస్తక భాండాగారమునకైనను ఇదియే ధర్మము.